రొట్టె కొట్టే ఎత్తు

యమునకు మొత్తం ఇల్లు దొరికింది!

ఇల్లు దొరకడమేమిటి, రోడ్డు మీద పడున్న పదిరూపాయల నోటా అని అడక్కండి. ఇంటీరియర్ పని చేసేవాళ్ల లోకంలో ముక్కపని వేరు, మొత్తం ఇల్లు వేరు. ఒకరింట్లో టీవీ వెనకాల చెక్క పలక, ఇంకొకరింట్లో బట్టల అల్మారా, మరొకరింట్లో దేవుడి మందిరం, ఇవన్నీ ముక్కపనులు. నాలుగేళ్లుగా యమున అవే చేస్తోంది. చెప్పులు పెట్టుకునే అర దగ్గర్నుంచి పైకప్పు లైట్ల దాకా అన్నీ నువ్వే చూడు అని తాళంచెవి చేతిలో పెట్టినవాళ్లు ఒక్కరు లేరు. మొన్న బొంగులూరు వెంచర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్న మల్లేశయ్య పెట్టాడు.

ఆ రోజు ఆమె సంబరం చూడాలి! ఆఫీసు కింద జిరాక్స్ షాపాయనకు చెప్పింది. టీ కొట్టాయనకు చెప్పింది. ఇబ్రహీంపట్నం బస్టాండులో బస్సెక్కబోతున్న ఎరిగినామెను రెక్కపట్టి ఆపి మరీ చెప్పింది. ఆమె బస్సు కాస్తా వెళ్లిపోయింది. "పోతే పోనీ అక్కా, ఇంకోటొస్తది. ముందుగాల నా ముచ్చటిను!" అంది. సిగ్గా, ఎగ్గా! సంతోషం వచ్చినప్పుడు యమునకు అవేవీ గుర్తుండవు.

ఆమెది ఇబ్రహీంపట్నమే. ముప్పై అయిదేళ్లుంటాయి. తండ్రి సిద్దయ్య లారీ డ్రైవరు. యమున డిగ్రీ మధ్యలో ఆపి, సాగర్ రోడ్డు మీద ఒక ప్లైవుడ్ షాపులో బిల్లులు రాసే పనికి చేరింది. ఏడేళ్లు రాసింది. రాస్తూ రాస్తూ ఏ చెక్క నీళ్లకు ఉబ్బుతుందో, ఏది చెదలకు దొరుకుతుందో, ఏ కీలు ఎన్నాళ్లకు ఊడుతుందో అంతా బుర్రకెక్కించుకుంది. ఒకసారి ఒకాయన వంటింటికి చవకరకం ప్లై కొంటుంటే, షాపు యజమాని ముందే "అన్నా, గది వద్దు, రెండు వానకాలాలకు ఉబ్బుతది" అనేసింది. యజమాని మొహం మాడ్చుకున్నాడు. కొనేవాడు మాత్రం "మరి నువ్వే వచ్చి చూసి చెప్పు చెల్లె" అన్నాడు. అదీ మొదలు. ఆదివారాలు దిల్‌సుఖ్‌నగర్ పోయి కంప్యూటర్లో ఇళ్ల బొమ్మలు గీయడం నేర్చుకుంది. షాపు మానేసి సొంతంగా బోర్డు పెట్టింది.

ఆమె మొగుడు హయత్‌నగర్ డిపోలో మెకానిక్కు, మెత్తని మనిషి. వద్దనలేదు కానీ, ఒక్క మాట అన్నాడు. "మనూరోళ్లు సిమెంటు మనూర్ల కొంటరు, సోకు మాత్రం పట్నంల కొంటరు. జర సూస్కో." అన్న మాట అక్షరాలా నిజమైంది. లక్షణంగా గీసిన బొమ్మలు చూసి, బాగున్నాయని మెచ్చుకుని, టీ తాగి, పని తీసుకెళ్లి పట్నం కంపెనీకి ఇచ్చినవాళ్లు ఎంతమందో! యమున కుళ్లుకుంది, తిట్టుకుంది, మళ్లీ మర్నాడు నవ్వుతూ ఆఫీసు తెరిచింది.

ఇక కస్టమర్ల సంగతి అడగండి, చెబుతాను. "మీ ఇష్టం" అనే మొగుళ్లుంటారు చూశారూ, వాళ్లంత ప్రమాదం ఇంకెవరూ లేరు. మూడు వారాలు మీ ఇష్టం అని, పనంతా అయ్యాక "గిదేంది గిట్లున్నది?" అంటారు. ఫోన్‌లో బొమ్మ చూపించి, దుబాయ్‌లో ఎవరిదో మేడ బొమ్మ, అది తన పదడుగుల గదిలో దిగాలంటారు కొందరు. ఒకామె పెళ్లినాటి ఇనప పెట్టె దాటి రాదు. అల్మారా ఆ పెట్టె చుట్టూ కట్టాలి. కట్టింది యమున! వాస్తు చెప్పే మేనమామ లేని ఇల్లు రంగారెడ్డి జిల్లాలో ఇప్పటిదాకా ఆమెకు తగల్లేదు.

వీళ్లందరితో వేగడానికి యమున దగ్గర ఒక చిట్కా ఉంది. ఎదుటివాళ్లకు కోపం వస్తున్నట్టు కనిపిస్తే చాలు, "జర మంచినీళ్లిస్తరా?" అంటుంది. మన దగ్గర ఎంత కోపంలో ఉన్నా నీళ్లడిగితే లేదనేవాళ్లుండరు. లోపలికి పోయి, బిందె వంచి, గ్లాసు నింపుకుని వచ్చేసరికి సగం కోపం అక్కడే దిగిపోతుంది. ఈ చిట్కా పుణ్యాన యమున రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతుందో ఆమెకే తెలియదు.

బొంగులూరు ఇంటికి వద్దాం. అవుటర్ రింగ్ రోడ్డు దిగగానే ఆ వెంచర్. నలభై ఇళ్లు, అన్నీ ఇంకా సిమెంటు రంగులోనే ఉన్నాయి. పూర్తి కావొచ్చింది మల్లేశయ్యది ఒక్కటే. చుట్టుపక్కల ప్లాట్లవాళ్లందరూ సాయంత్రం నడకకొచ్చినట్టు వచ్చి లోపలికి తొంగిచూసి పోతున్నారు. ఈ ఇల్లు మెచ్చితే నలభై ఇళ్ల తలుపులు తెరుచుకుంటాయి. ఇక్కడ మాట పోతే నలభై మూసుకుంటాయి. ఇది యమునకు తెలుసు, ఆమె వడ్రంగి దానియేలుకు తెలుసు, ఎదురు ప్లాటు వాచ్‌మన్‌కు కూడా తెలుసు.

మల్లేశయ్య పాతకాలపు రైతు. ఎదురింటికి వినిపించేంత గొంతు, లోపల మాత్రం వెన్న. కొడుకు పుణెలో పనిమీద ఉన్నాడు, నెలకోసారి వస్తాడు. ఇంటి సంగతులన్నీ కోడలు అరుణ చూసుకుంటోంది. అరుణ ఆదిభట్లలో ఉద్యోగం చేస్తుంది. చదువుకున్న పిల్ల, మాట సూటిగా చెబుతుంది. హాలు, పడక గదులు, మెట్ల కింద అర, అన్నిటికీ ఆమే కూర్చుని మాట్లాడింది. అన్నీ నచ్చాయి. పని బాణంలా సాగింది. గృహప్రవేశానికి పన్నెండు రోజులే ఉంది. మిగిలింది వంటింటి అల్మారాల తలుపులు.

అక్కడొచ్చి పడింది ముసలం. మల్లేశయ్య భార్య మాణిక్యమ్మ!

అంతదాకా నోరు విప్పని మనిషి, వంటింటి తలుపుల రంగు చూసి "నచ్చలే" అంది. అది పాలమీగడ రంగు. యమున నవ్వి, ఆకుపచ్చ పట్టుకొచ్చింది. నచ్చలే. బూడిదరంగు? దవాఖాన లెక్కున్నది. చెక్కరంగు? పాతగున్నది. నీలం? గిది నీలమా, కండ్ల నీలాలు కారిపోతున్నయ్! ప్రతిసారీ దానియేలు నమూనా తలుపు బిగించడం, ఆమె గుమ్మంలోనే నిలబడి ఒక్క చూపు చూసి పెదవి విరవడం, దానియేలు విప్పడం. అయిదోసారి విప్పుతూ దానియేలు, "చెల్లె, ఇంద్రధనుస్సుల ఇంక రెండు రంగులున్నయ్. అవి గూడ అయినంక నేను మా ఊరికి పోత" అన్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి సోకు చేసి చూడు అని కూడా కలిపి ఉంటే యమున ముందే జాగ్రత్త పడేది కదా!

సోమవారం పొద్దున మల్లేశయ్య కొత్త ఇంటికి వచ్చాడు. వెంట తమ్ముడు దివాకర్. ఈ దివాకర్ మొదట్నుంచీ పట్నం కంపెనీకి ఇద్దామన్న మనిషి. ఆ కంపెనీ పుస్తకం చంకలోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.

"చెప్తనే ఉన్న అన్నా," అన్నాడు దివాకర్. "వాళ్లైతే పది రోజుల్ల వంటిల్లు తెచ్చి బిగించిపోతరు. గీమెతోని ఏడికైతది?"

మల్లేశయ్య తల గోక్కున్నాడు. "సూడు బిడ్డా. నీ పని మీద నాకు నమ్మకం లేక కాదు. మా ఇంటామె అన్నం గూడ సక్కగ తింటలేదు. కొత్తింటి పేరెత్తితే మొకం తిప్పుకుంటది. బేస్తారం లోపల ఆమెతోని అవ్ అనిపియ్యి. అనిపియ్యకపోతే మిగిలిన పనంత దివాకర్ చెప్పినోళ్లకిస్త. ముహూర్తం ఆగదు గద?"

యమున లెక్కేసుకుంది, బేస్తారమంటే గురువారం. మూడు రోజులు! మధ్యలో పని లాగేసుకున్నారంటే ఇక ఇబ్రహీంపట్నంలో ఆమెను ముక్కపనికి కూడా పిలవరు. కానీ చిత్రం చూడండి, భయంతో పాటే ఆమెకు ఒంట్లో ఏదో హుషారు పుట్టింది. ముడి ఎంత గట్టిగా ఉంటే ఆమెకు అంత ఉత్సాహం, చిన్నప్పట్నుంచీ అంతే. "బేస్తారం దాక ఎందుకు బాపూ, రేపే అనిపిస్త!" అని అనేసింది. దానియేలు వెనక నుంచి నెత్తి కొట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద ఇబ్రహీంపట్నం పాతూళ్లోని మల్లేశయ్య ఇంటికి వెళ్లింది. సంచీలో ఆరో రంగు, ఏడో రంగు, ఎనిమిదో రంగు. ఇన్నాళ్లూ మాట్లాడింది కొత్త ఇంట్లోనే కానీ, ఈ పాత ఇంటికి రావడం ఇదే మొదటిసారి. మాణిక్యమ్మ వాకిట్లోనే ఎదురైంది. నాలుగడుగుల పది అంగుళాల మనిషి, ఆరడుగుల చూపు!

"ఏం పిల్లా, మల్ల రంగులే తెచ్చినవా? నాకేం చూపియ్యకు. మా కోడలుకు చూపియ్యి. ఇల్లు ఆమెది, వంటిల్లు ఆమెది. నాదేమున్నది ఆడ?"

యమున సంచీ కింద పెట్టింది. "పెద్దమ్మా, ఎండల వచ్చిన. జర మంచినీళ్లిస్తవా?"

మాణిక్యమ్మ విసురుగానే లోపలికి నడిచింది. అంతలో లోపల పెనం మీద ఏదో మాడిన వాసన. "అయ్యో, నా రొట్టె!" అని ఆమె ఉరికింది. యమున కూడా వెనకే ఉరికింది.

వంటింట్లో ఒక మూల నేల మీద గ్యాసు పొయ్యి. ముందు చెక్క పీట, పక్కన జొన్నపిండి, వేణ్నీళ్లు. మాణిక్యమ్మ ఒక మోకాలు పైకి మడిచి కూలబడి, మాడిన రొట్టెను పక్కకు తోసి, కొత్త ముద్ద తీసుకుంది. కొట్టడం మొదలుపెట్టింది. టప టప టప! యమున గ్లాసు సంగతి మరిచిపోయింది. ఆమె కొడుతోంది చేత్తో కాదు, భుజంతో. ఒళ్లంతా ముందుకు వంగి, బరువంతా అరచేతిలోకి దిగి, రొట్టె తిరుగుతూ తిరుగుతూ పళ్లెమంత అయింది. అంచు ఎక్కడా పగల్లేదు.

"రోజు చేస్తవా పెద్దమ్మా?"

"చెయ్యక? మీ బాపుకు షుగరొచ్చిన కాంచి రెండు పూటల రొట్టెనే. ఎవరు చేస్తరు? కోడలికొస్తదా?"

అప్పుడు వెలిగింది యమునకు! కొత్త ఇంట్లో నల్లటి గ్రానైట్ బండ. నేలకు ముప్పైతొమ్మిది అంగుళాల ఎత్తు. అరుణ నిలబడి, మోచేయి చూపించి, "ఇంతుంటే చాలక్కా" అంటే, ఆ కొలతే రాసుకుని బండ పరిపించింది. ఆ బండ ముందు మాణిక్యమ్మ నిలబడితే ఎక్కడికొస్తుంది? ఛాతీ దాకా వస్తుంది. ఛాతీ ఎత్తున ముద్ద పెట్టుకుని ఎవరైనా జొన్నరొట్టె కొట్టగలరా? కొడితే భుజం ఊడుతుంది, రొట్టె పగులుతుంది.

"పెద్దమ్మా," అంది యమున. "రంగు కాదు గద? బండ ఎత్తు గద?"

మాణిక్యమ్మ చెయ్యి ఆగిపోయింది. పిండి చేత్తోనే కొంగు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"గంత ఎత్తు మీద నేనెట్ల కొట్టాలె బిడ్డా? చెప్తే నవ్వుతరు. రొట్టెలు చేసుకోనికి ఎనకాల బోళ్లు తోమే కాడ పొయ్యి పెట్టిస్తం అన్నడు మా దివాకరు. నలభై ఏండ్లు ఈ ఇంటికి వండి పెట్టిన. కొత్తింట్ల నేను బోళ్ల కాడ కూసోవాల్నా?"

యమునకు తన మీద తనకే ఎంత కోపం వచ్చిందో! ఏడేళ్లు షాపులో, నాలుగేళ్లు బయట, ఎంత పని నేర్చుకున్నానో అని మురిసిపోయింది. మాట్లాడే కోడలిని కొలిచి, వండే అత్తను వదిలేసింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ పెట్టే అమ్మనే ఎవరూ అడగలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించారని సామెత. ఈ ఇంట్లో కోడలి మీద అలక అయిదు రంగుల మీద పడింది పాపం!

"పెద్దమ్మా, లే! పిండి, నీళ్లు, పెనం అన్ని తీస్కో. పోదాం."

"ఏడికి?"

"బొంగులూరుకు. నీ ఇంటికి!"

స్కూటీ వెనక మాణిక్యమ్మ, ఆమె ఒడిలో పిండి డబ్బా, యమున కాళ్ల మధ్య గ్యాసు పొయ్యి. దారిలోనే అరుణకు, దానియేలుకు ఫోన్లు. అరుణ ఏమైందోనని సగం రోజు సెలవు పెట్టి వచ్చేసింది. దానియేలుకు యమున చెప్పింది ఒక్కటే, "అన్నా, ఇటుకలు తీస్కరా. బండకు కాదు, రొట్టెకు!"

వంటింటి తూర్పు కిటికీ కింద అడుగు ఎత్తు పీట వేసి మాణిక్యమ్మను కూర్చోబెట్టారు. నేల మీద కూర్చుంటే ఆమెకు లేవడం కష్టం, మోకాళ్ల నొప్పులు. ఎదురుగా రెండు వైపులా ఎనిమిదేసి ఇటుకలు పేర్చి, పైన ప్లైవుడ్ పలక వేశాడు దానియేలు. "కొట్టు పెద్దమ్మా!"

టప్. టప్. మాణిక్యమ్మ తల అడ్డంగా ఊపింది. "భుజాలకొస్తున్నది." రెండు వైపులా ఒక్కో ఇటుక తీశారు. కొట్టింది. ఇంకా ఎత్తే. మరోటి తీశారు. టప టప, కొంచెం నయం. ఇప్పుడు జర కింద అయింది, నడుము వంగుతోంది. దానియేలు ఇటుకల మీద ఒక టైల్ ముక్క పెట్టాడు. ఇంకో ముక్క పెట్టాడు. అప్పుడు మొదలైంది చూడండి! టపటపటపటప, ఆగకుండా! ఆ ఖాళీ ఇల్లంతా మోగిపోయింది. మాణిక్యమ్మ మొహంలో నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఉంది, కొడుతూనే ఉంది. రొట్టె ఎంత పెద్దదైందంటే పెనం దాటిపోయింది.

"ఇగో, గిది! గిదే!" అని అరిచింది.

యమున టేపు పట్టి కొలిచింది. పందొమ్మిదిన్నర అంగుళాలు. ఆమె మోకాలు, మోచేయి, చేయి చాపితే పెనం అందే దూరం, అన్నీ కొలిచి అరచేతి మీదే రాసుకుంది, కాగితం వెతికే ఓపిక లేక. గంతేసినంత పని చేసింది.

అరుణ మాత్రం గోడకానుకుని నిలబడిపోయింది. "అత్తమ్మా, గీ సంగతి నాకెందుకు చెప్పలే?"

"నువ్వడిగినవా?"

"అడగలే. తప్పయింది" అంది. తర్వాత వచ్చి పక్కన కూర్చుని, "నాక్కూడ నేర్పుతవా?" అని ముద్ద తీసుకుంది. ఆమె కొట్టిన రొట్టె తెలంగాణ పటంలా వచ్చింది. అత్త ఫక్కున నవ్వింది. ఎన్నాళ్లకో నవ్విందట, అరుణే తర్వాత చెప్పింది.

"మరి తలుపులకు ఏ రంగు వేద్దాం పెద్దమ్మా?" అని అడిగింది యమున.

"ఏదో ఒకటి ఏస్కో తల్లి. మొదటిదే మంచిగుండె."

దానియేలు చేతిలో ఇటుక జారి కింద పడింది.

ఇంతా అయ్యాక అసలు గండం మిగిలింది. బండ అప్పటికే పరిచి ఉంది. తూర్పు కిటికీ వైపు మూడడుగులు కోసి, ఆ ముక్కనే కిందికి దించాలి. కోసే చోటుకు జానెడు దూరంలో సింక్ కోసం చేసిన కన్నం. గ్రానైట్‌కు కన్నం దగ్గర బలం ఉండదు. పగులు వస్తే తొమ్మిదడుగుల బండంతా పోతుంది. అదే రంగు బండ దొరికి, మళ్లీ పరిచేసరికి ముహూర్తం దాటిపోతుంది. దివాకర్‌కు ఎవరు చెప్పారో, అన్నను వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు.

"పిచ్చా మీకు? మంచిగున్న బండను కోస్తరా? రొట్టె కోసం?"

"రొట్టె కోసమే," అంది యమున. మల్లేశయ్య వైపు తిరిగింది. "బాపూ, మీరు చెప్పున్రి. కొయ్యాల్నా, వద్దా?"

మల్లేశయ్య అటు తమ్ముణ్ని చూశాడు, ఇటు భార్యను చూశాడు. మాణిక్యమ్మ పీట మీద కూర్చుని వేళ్లకంటిన పిండి తీసుకుంటోంది. "కొయ్యి," అన్నాడు. "పగిలితే నా ఖర్మ."

కన్నం చుట్టూ కింద నుంచి చెక్క దిమ్మెలు ఆనించి బిగించారు. దానియేలు ముక్కుకు తువ్వాలు కట్టుకుని, సిలువ గుర్తు వేసుకుని మిషను ఆన్ చేశాడు. బాబోయ్, ఆ శబ్దం! ఆ దుమ్ము! యమున పైపుతో నీళ్లు పోస్తూ నిలబడింది. అంగుళం, ఇంకో అంగుళం. సగం దాటాక టక్ మని ఏదో చప్పుడైంది. దానియేలు మిషను ఆపి, వంగి, తువ్వాలుతో తుడిచి చూశాడు. కింది దిమ్మె జరిగింది, అంతే. మళ్లీ బిగించాడు, మళ్లీ కోశాడు. ముక్క విడిపోయి ఇద్దరి చేతుల్లోకి వచ్చేసరికి యమున గట్టిగా ఈల వేసింది. మల్లేశయ్య కూడా వేయబోయాడు కానీ ఊపిరి చాల్లేదు.

తర్వాతి తొమ్మిది రోజులు ఎలా గడిచాయో ఎవరికీ గుర్తు లేదు. చిన్న బండ కింద కాళ్లు చాపుకోవడానికి ఖాళీ, పక్కన ఒంటి పొయ్యి, కుడిచేతికి పిండి డబ్బా అర, కిటికీలోంచి వీధి కనిపించేలా గాజు తలుపు. పాలమీగడ రంగు తలుపులు చివరి రోజు సాయంత్రం బిగిశాయి.

గృహప్రవేశం నాడు ఇల్లు కిటకిటలాడింది. పెద్ద బండ మీద అరుణ పాలు పొంగించింది. పంతులు పని ముగిసీ ముగియగానే మాణిక్యమ్మ కిటికీ కింద తన పీట మీద కూర్చుని రొట్టెలు మొదలుపెట్టింది. ఎవరెంత చెప్పినా వినలేదు, దావత్‌లో మటన్ పక్కన నా చేతి రొట్టె ఉండాల్సిందే అంది. టపటపలు వినగానే ఆడవాళ్లంతా హాలు వదిలి వంటింట్లోకి వచ్చి పడ్డారు. ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూడటం! పూజగది ఎవరు చూశారు, పైకప్పు లైట్లు ఎవరు చూశారు! యమున గోడవారగా నిలబడింది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

పక్క ప్లాటు నర్మద ముందుకొచ్చింది. పొడుగాటి మనిషి. "మస్తున్నది గదమ్మా! ఎవరు చేసిన్రు? పట్నమోళ్లా?"

దివాకర్ గుమ్మంలోంచి అందుకున్నాడు. "పట్నమోళ్లకియ్యాల్సింది అక్కా. వాళ్లైతే బండ గిట్ల ముక్కలు చెయ్యకపోదురు. ఈమె మన ఇబ్రహీంపట్నమామెనే."

యమున తల దించుకుంది. ఇదే మాట, నాలుగేళ్లుగా విన్న ఇదే మాట, ఇంత పని చేశాక కూడా.

మాణిక్యమ్మ రొట్టెను పెనం మీద వేసి, చేతులు దులుపుకుని, పీట మీంచే మరిది వైపు తిరిగింది.

"అవ్, ఇబ్రహీంపట్నమామెనే. నువ్వు తెచ్చిన పట్నమోళ్ల పుస్తకంల గోడల కొలతలున్నయ్, తలుపుల కొలతలున్నయ్. నా కొలత ఉన్నదా? నలభై ఏండ్లల్ల నువ్వెంతున్నవ్ అని నన్ను ఒక్కలడగలే. మీ అన్న అడగలే, నా కొడుకు అడగలే. ఈ పిల్ల నన్ను కొలిచి ఇల్లు కట్టింది. ఇంకేం కావాల్రా నీకు?"

దివాకర్ చంకలోని పుస్తకం వెనక్కి దాచుకున్నాడు. మల్లేశయ్య గడప దగ్గర నిలబడి నేల చూపులు చూశాడు. యమున ఇక ఆపుకోలేకపోయింది. అంతమందిలో, పాలమీగడ రంగు తలుపుకు మొహం ఆనించి ఏడ్చేసింది. సంతోషానికి కూడా అంత ఏడుపు వస్తుందని ఆమెకే తెలియదు.

నర్మద ఆమె రెక్క పట్టుకుంది. "ఏడ్సుడు తర్వాత అమ్మా. మా ఇంటికెప్పుడొస్తవ్?"

"మా ఇంటికి గూడ," అంది వెనక నుంచి ఒకామె. "ముందు మాది, మా స్లాబు ఎప్పుడో పడ్డది," అంది ఇంకొకామె.

యమున చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. ముక్కు ఎగబీల్చుకుంటూనే నర్మదను కింద నుంచి పైకి ఒకసారి చూసింది.

"అక్కా, మీ ఇంట్ల వంటెవరు చేస్తరు?"

"మా ఆయన," అంది నర్మద.

వంటిల్లంతా గొల్లుమంది. మాణిక్యమ్మ నవ్వుకు రొట్టె తిరగేయడం కూడా మరిచిపోయింది.

"అయితే ఆయన్ని పిలువున్రి," అంది యమున. "ఎత్తు సూడాలె!"